మోసేవాళ్లున్న పేట

మా బావ నికుంజ సామంత గొడుగుల దుకాణంలో పనిచేసి రిటైరయ్యాడు. గుడ్డ కత్తిరించడం, ఊచలకు బిగించి కుట్టడం ఆయన పని. కాని కలకత్తా బాగ్‌బజార్‌లో మా గల్లీవాళ్లను అడిగితే గొడుగుల సంగతి ఎవరికీ గుర్తుండదు. “ఓహో, ఘాట్ నికుంజా” అంటారు. మా పేటలో ఎవరింట్లో ప్రాణం పోయినా, డాక్టరు వచ్చి కాగితం రాయకముందే మా తలుపు తట్టేవారు. బావ తింటున్న కంచం పక్కకు జరిపి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా బయలుదేరేవాడు. వెదురు బొంగులు తెప్పించడం, పాడె కట్టించడం, బరువైన మనిషిని మా గల్లీ ఇళ్ల ఇరుకు మెట్ల మీద నుంచి తల తగలకుండా దించడం, అన్నీ ఆయన చేతి మీదే జరగాలి. బతికుండగా ఆయనతో మాట్లాడనివాళ్లను కూడా ఆయన మోశాడు.

శవం వెంట ఘాట్ దాకా, అంటే గంగ ఒడ్డు శ్మశానం దాకా, వెళ్లి వచ్చేవాళ్లను మా దగ్గర శ్మశాన బంధువులంటారు. అది రక్తసంబంధం కన్నా గట్టిదని బావ నమ్మకం. “పెళ్లికి ఎవడైనా వస్తాడు, పులస చేప పెడతారని” అనేవాడు.

ఆయన తిరిగొచ్చేసరికి మా అక్క బీథిక గుమ్మంలో నిప్పు, ఇనప తాళంచెవి, వేపాకు, బెల్లం మిఠాయి పెట్టుకుని నిలబడేది. ఇనుము తాకి, నిప్పు తాకి, వేపాకు కొరికి, తీపి నోట్లో వేసుకుంటే గాని లోపలికి రానిచ్చేది కాదు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ ఎన్నిసార్లు అలా నిలబడిందో ఆమెకే తెలియదు. వాళ్లకు పిల్లలు లేరు. వాళ్లింట్లో ఉండే చెల్లెల్ని నేను. బళ్లో నా పేరు మాధబీలత, ఇంట్లో టుకు. ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేదాన్ని. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పాను. ఇప్పుడు ఇంకోటి కల్పించే ఓపిక లేదు.

మేమున్నది పాత ఇంట్లో కింది భాగం. ఎండ గల్లీలోకే సరిగా దిగదు, ఇక మా గదిలోకి ఏం వస్తుంది. వానాకాలం మోరీ నీళ్లు గుమ్మం దాటి వచ్చి మంచం కోళ్లను తడిపి పోయేవి. నడుమెత్తు దాకా గోడ ఎప్పుడూ చెమ్మే. అక్కకు మొదట దగ్గు పట్టుకుంది, తర్వాత ఆయాసం. చివరికి కూర్చుని నిద్రపోయే స్థితికి వచ్చాక డాక్టరు బావనూ నన్నూ పక్కకు పిలిచాడు. “నేను రాసే మందుల కన్నా ఒక కిటికీ ఎక్కువ పని చేస్తుంది. ఎండ, గాలి తగిలే గది చూడండి. వచ్చే వానాకాలం మాత్రం ఈ గదిలో ఉంచకండి. ఉంచితే నన్ను పిలవకండి” అన్నాడు. మంచి డాక్టరు. నాలాగే ముక్కు మీద కోపం.

అప్పుడు చలికాలం అయిపోవస్తోంది. బాగ్‌బజార్‌లో ఎండ పడే గదులు మాలాంటివాళ్ల కోసం కట్టలేదు. శివార్లకు పోవాల్సిందే. ఆదివారం వస్తే ముగ్గురం ఇంత మరమరాలు, కొబ్బరిముక్కలు మూటగట్టుకుని లోకల్ రైలెక్కేవాళ్లం. అక్క కిటికీ పక్కన కూర్చుని, నోరు తెరుచుకుని గాలి తాగుతూ వచ్చేది. మొదటి రెండు వారాలూ నాకు పండగలా ఉండేది.

ఎవరైనా కొత్త పేట చూడటానికి వెళ్తే ముందు నీళ్లడుగుతారు. స్టేషన్ ఎంత దూరమో, చేపల బజారు ఎలా ఉంటుందో అడుగుతారు. మా బావ నేరుగా టీకొట్టుకి పోయి, మట్టి ముంతలో టీ తీసుకుని, ఒక గుక్క తాగి మొదలుపెట్టేవాడు. సోనార్‌పూర్‌లో ఆయన ఇలా మొదలుపెట్టడం నేను మొదటిసారి విన్నాను.

“ఏం బాబూ, మీ పేటలో ఆఖరున పోయిందెవరు?”

“ఎక్కడికి?” అన్నాడు టీకొట్టువాడు.

“పైకి.”

అతను బావను ఎగాదిగా చూశాడు. “సంక్రాంతి ముందు ఒక ముసలావిడ పోయింది. మీకేమవుతుంది?”

“నాకేం కాదు. వెంట ఎంతమంది వెళ్లారు?”

“నేనెక్కడ చూశానండీ? బేరం మీదున్నా.”

బావ ముంత కింద పడేసి నా వైపు తిరిగాడు. “విన్నావా టుకూ? ముందు నుంచి శవం పోతుంటే వీడు టీ పోస్తూ కూర్చున్నాడట.”

“తాగేవాళ్లుంటే పోయడా మరి?” అన్నాను.

ఆ మాట ఆయన చెవిన వేసుకోలేదు. సోనార్‌పూర్ అక్కడితో సరి. ఇల్లు కూడా చూడకుండా వెనక్కి వచ్చాం. తర్వాత ఇంకో రెండు మూడు ఊళ్లు అలాగే పోయాయి. ఒకచోట కొత్తగా పెళ్లైన జంట అద్దెకిచ్చే ఇంట్లో, ఆ పిల్ల మాకు రసగుల్లాలు పెట్టి నిలబడి ఉండగా బావ అదే ప్రశ్న వేశాడు. ఆ పిల్ల గిన్నె పట్టుకుని లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు.

ఫాల్గుణంలో మధ్యంగ్రామ్ వెళ్లాం. బ్రోకరు పేరు బలాయ్, మాట తప్పడు, చెప్పిన టైముకి వచ్చే మనిషి. రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు చూపించాడు. దక్షిణం వైపు పెద్ద కిటికీ, కిటికీ ఎదురుగా ఇంకో మేడ లేదు, కాలవ, దాని అవతల అరటి తోట. అక్క మెట్లు నెమ్మదిగా ఎక్కి వచ్చి, ఖాళీ గదిలో కిటికీ కింద న్యూస్‌పేపరు పరుచుకుని కూర్చుంది. గోడకు చెయ్యి ఆనించి చూసింది. పొడిగా ఉంది. “ఒక్క నిమిషం టుకూ” అని అక్కడే పడుకుంది. మంచం మీద దిండ్లకు ఆనుకుని తప్ప పడుకోలేని మనిషి, నేల మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని ఆమె ఊపిరి వింటూ ఉన్నాను. ఎంతసేపు విన్నా గొంతులో పిల్లికూత రాలేదు.

ఆ సమయానికి బావ కింద విచారణలో ఉన్నాడు. వచ్చేసరికి ముఖం మాడ్చుకుని ఉన్నాడు.

“పోయిన నెల మూడో అంతస్తులో ఒక మేష్టారు పోయాడట” అన్నాడు గుమ్మంలో నిలబడే. “అందరూ బాల్కనీల్లోంచి చూశారట. వెంట వెళ్లింది కొడుకూ, అల్లుడూ.”

బలాయ్‌కి సంగతి అర్థం కాలేదు పాపం. తన సరుకు గురించి ఇంకో మంచి మాట చెప్పే అవకాశం అనుకున్నాడు. “దానికేం కష్టం లేదు సార్ ఇక్కడ. శవాల్ని తీసుకెళ్లే అద్దాల బండి నంబరు నేనిస్తాను. ఫోన్ చేస్తే పావుగంటలో కింద ఉంటుంది. ఎవర్నీ బతిమాలక్కర్లేదు” అన్నాడు.

“పద బీథికా” అన్నాడు బావ. నిద్రలో ఉన్న మనిషిని లేపాడు.

రైల్లో అక్క అడిగింది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె ఆయన్ను గట్టిగా అడగటం నేను చూడలేదు. “ఏమండీ, ఆ గది నాకు నచ్చింది. మారిపోదామండీ.”

“అక్కడ మనవాళ్లెవరున్నారు?”

“వెళ్తే అవుతారు.”

“కారు. చూశాను కదా. ఏదైనా అయితే బాల్కనీల్లోంచి చూస్తారు.”

“మీరు నన్ను ఉంచడానికి చోటు చూస్తున్నారా, తీసుకుపోవడానికి చూస్తున్నారా?”

ఎదురుగా కూర్చున్న నిమ్మకాయల వ్యాపారి కూడా తల తిప్పుకున్నాడు. బావ లేచి రైలు తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ఆయనది మూర్ఖత్వం అని తేల్చేయడం సులువు. నేనూ చాలాసార్లు తేల్చాను. కాని దాని వెనక ఒక సంగతి ఉంది, అక్క చెప్పగా విన్నాను. బావ ఏడెనిమిదేళ్ల వాడుగా ఉన్నప్పుడు ఆయన తండ్రి, దమ్‌దమ్ అవతల కొత్తగా దిగిన ఒక అద్దె గదిలో జ్వరంతో పోయాడు. ఆ వీధిలో వాళ్లెవరికీ తెలియదు. ఏం జబ్బో ఏమోనని ఎవరూ గడప తొక్కలేదు. పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా తల్లీ కొడుకూ శవం పక్కన కూర్చున్నారు. ఈగలు తోలడం ఆ పిల్లవాడి పని. చివరికి మున్సిపాలిటీ చెత్తబండి వచ్చి తీసుకుపోయింది. అది విన్న రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు. ఇప్పటికీ ఆయన మీద జాలే. కాని జాలి వేరు, కిటికీ వేరు.

వైశాఖంలో శ్యామ్‌నగర్ వైపు ఒక పాత కాలనీకి వెళ్లాం. స్టేషన్ దాటి కొంచెం నడిచామో లేదో, ఎదురుగా పాడె వస్తోంది. వెనక వీధి వీధంతా కదిలి వస్తోంది. కుర్రాళ్లు, ముసలాళ్లు, సైకిళ్లు నడిపించుకుంటూ వచ్చేవాళ్లు. ఒకడు “బలో హరి” అంటే అంతమందీ “హరి బోల్” అంటున్నారు. బావ ముఖం వెలిగిపోయింది. చేతిలోని మరమరాల మూట నాకిచ్చి, చెప్పులు విప్పి అక్కడే వదిలేసి, ఆ గుంపులో కలిసిపోయాడు. చచ్చినవాడెవడో తెలియదు. మేమిద్దరం ఆ చెప్పులకు కాపలాగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం.

“నీ మొగుడు పెళ్లికెళ్లాడు” అన్నాను అక్కతో.

“పోనీలే, చాలా రోజులకి సంతోషంగా ఉన్నారు” అంది.

మధ్యాహ్నం దాటాక తడిబట్టలతో వచ్చాడు. అక్కడి క్లబ్బు కుర్రాళ్లే ఆయనకు ఇల్లు కూడా చూసిపెట్టారు. చెరువు గట్టున రేకుల ఇల్లు. చెరువు నీళ్లు పెరటి గోడను ఒరుసుకుంటున్నాయి. గోడ మీద పచ్చగా పాచి. లోపల అడుగుపెట్టగానే తడి గోనెసంచి వాసన. అక్క గోడకు చెయ్యి ఆనించి తీసి, ఆ అరచెయ్యి నాకు చూపించింది. తడిసి మెరుస్తోంది. 

“సున్నం వేయిస్తే సరిపోతుంది” అన్నాడు బావ. “మనుషులు చూశావా బీథికా, ఎలాంటి మనుషులో? నన్నెవరని కూడా అడగలేదు. బొంగు అందించారు.”

నాకు ఒళ్లు మండింది. “తీసుకోండి బావా, వెంటనే తీసుకోండి. ఈ గదిలో అయితే ఆ మోసేవాళ్లు ఎక్కువ రోజులు ఎదురుచూడక్కర్లేదు.”

అక్క ఫక్కున నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. చెరువు మెట్ల మీద కూర్చోబెట్టి వీపు నిమురుతుంటే ఆమె పెదవులు నీలంగా మారడం చూశాను. బావా చూశాడు. అడ్వాన్సు కోసం జేబులోకి పోయిన చెయ్యి బయటికి తీశాడు. ఆ ఇల్లు ఆమెకు పనికి రాదని ఆయనకూ తెలిసింది. పనికొచ్చే ఇల్లు ఆయనకు పనికి రాదు. అంతటితో మా ఆదివారాలు ముగిశాయి.

“ఈ ఏటికి ఇక్కడే ఉందాం” అన్నాడు ఇంటికొచ్చాక. “ఎంతైనా మనవాళ్ల మధ్య.”

అక్క మీద ప్రేమ లేక కాదు. ఆ వేసవంతా ఆ గదిని ఎండబెట్టడానికి ఆయన పడని పాట్లు లేవు. మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాడు. దుకాణానికి వెళ్లి మిగులు గొడుగు గుడ్డ అడిగి తెచ్చి, ముక్కలు కలిపి కుట్టి, చెమ్మ ఇవతలికి రాకుండా గోడలకు మేకులతో బిగించాడు. నల్ల గుడ్డ. ఉన్న కాస్త వెలుతురూ పోయింది. అక్క ఆ నల్ల గోడల మధ్య కూర్చుని, “గొడుగులో కాపురం పెట్టినట్టుంది” అని నవ్వింది. రాత్రుళ్లు ఆమె కూర్చుని ఉంటే ఆయనా కూర్చునే ఉండేవాడు.

ఇంతలో మా గల్లీ ఖాళీ అవుతూ వచ్చింది. బిల్డర్లు ఒక్కో పాత ఇల్లే కొంటున్నారు. పిండిమర నడిపే ఘోషాల్ కుటుంబం బారాసాత్ పోయింది. ఎదురింటి కర్మకార్ అన్నదమ్ములు, ఇద్దరూ ఎద్దుల్లాంటి భుజాలవాళ్లు, మధ్యంగ్రామ్‌లోనే ఫ్లాట్లు కొనుక్కున్నారు. సామాన్ల లారీ కదులుతుంటే బావ చెయ్యూపి వచ్చాడు. పాడె మోయడానికి కుర్రాళ్లు దొరికే మా గల్లీ క్లబ్బు గదిలో సిమెంటు బస్తాలు పెట్టారు.

“బావా, మోసేవాళ్లే అటు పోతున్నారు. మనం ఇక్కడెవరి కోసం?” అన్నాను.

“పోతే ఏం? పిలిస్తే వస్తారు. వాళ్ల నాన్నను మోశాను, వాళ్లమ్మను మోశాను.”

నేను ఇంకా అనబోతుంటే అక్క కళ్లతోనే వద్దంది.

శ్రావణం ఎలాగో గడిచింది. భాద్రపదంలో ముసురు పట్టి వదల్లేదు. గల్లీలో మోకాలి లోతు నీళ్లు. గొడుగు గుడ్డ వెనక గోడ ఉబ్బి, మేకులు ఊడిపోయాయి. ఒక రోజు తెల్లవారాక అక్క కొంచెం టీ అడిగింది. నేను కలిపి తెచ్చేసరికి బావ భుజానికి ఆనుకుని ఉంది. ఆయన నా వైపు చూసి, “పోయింది టుకూ” అన్నాడు. ఎన్ని మరణాలు చూశాడో ఆయన, డాక్టరు చెప్పేదాకా ఆగక్కర్లేదు. ఆమెను పడుకోబెట్టి, కళ్లు మూసి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా నీళ్లలోకి దిగాడు.

నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన తట్టిన మొదటి తలుపు తెరుచుకోలేదు, ఆ ఇంట్లో ఎవరూ లేరు. రెండోది తెరిచింది బిల్డరు పెట్టిన కాపలావాడు. వాడు బీహారు నుంచి వచ్చి పది రోజులైంది, బావ ఎవరో వాడికి తెలియదు. మూడో ఇంట్లోంచి హేమాంగ కాకా కర్ర పట్టుకుని వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. “నన్ను చూడు నికుంజా, నన్నే ఒకడు పట్టుకోవాలి” అని నీళ్లలో నిలబడి ఏడ్చాడు.

తిరిగొచ్చి కర్మకార్ పెద్దవాడికి ఫోన్ చేశాడు. అవతలి మాటలు నాకూ వినిపిస్తున్నాయి. “నికుంజ్‌దా, నేను రాకపోవడమేంటి? కాని పట్టాల మీద నీళ్లు. రైళ్లు ఆగిపోయాయి. మా వైపు నుంచి బస్సులూ లేవు. వదినను అంతసేపు ఉంచకండి అన్నా. బండి పిలిపించండి.” అతనూ ఏడుస్తున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. తర్వాత చేసినవాళ్లందరూ అదే చెప్పారు. అందరూ శివార్లలోనే ఉన్నారు మరి.

అద్దాల బండికి నేనే ఫోన్ చేశాను. బావ వద్దనలేదు. డ్రైవరూ, సహాయకుడూ వచ్చి, అలవాటైన చేతులతో మా అక్కను ఎత్తి బండిలో పెట్టారు. మా బావ ఆమె తలకింద చెయ్యి పెట్టబోతే, “తప్పుకోండి, మాకు అడ్డం” అన్నారు. ఆడవాళ్లు ఘాట్‌కి వెళ్లకూడదంటారు మా దగ్గర. నేను ఆమె పక్కన ఎక్కి కూర్చున్నాను. కూర్చోవద్దనడానికి కూడా ఎవరూ లేరు.

“మీరూ ఎక్కండి బాబూ” అన్నాడు డ్రైవరు.

“నేను నడిచి వస్తాను. వెంట నడవాలి.”

“ఈ నీళ్లలోనా?”

బావ వినలేదు. బండి కొంత దూరం నెమ్మదిగానే పోయింది. వెనక అద్దంలోంచి ఆయన కనిపిస్తున్నాడు, పంచె తడిసి కాళ్లకు చుట్టుకుంటోంది. “బలో హరి” అన్నాడు. జవాబు చెప్పేవాళ్లు లేరు. “హరి బోల్” కూడా తనే అన్నాడు. పెద్ద రోడ్డు ఎక్కగానే వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. డ్రైవరు బండి వేగం పెంచాడు. బావ పరుగెత్తబోయి, నీళ్లలో తడబడి ఆగిపోయాడు. మలుపు తిరిగాక ఇక కనపడలేదు.

ఘాట్‌లో అక్కను రాతి అరుగు మీద పడుకోబెట్టి బండి వెళ్లిపోయింది. వానకు అడ్డంగా నా పమిట ఆమె ముఖం మీద పట్టుకుని కూర్చున్నాను. కాల్చే మనిషి వచ్చి అటూ ఇటూ చూశాడు. “ఎవరి తాలూకు? మగవాళ్లెవరూ రాలేదా?”

“నికుంజ సామంత భార్య.”

వాడు అరుగు మీదికి వంగి చూశాడు. “సామంత బాబు భార్యా? మరి మనుషులేరీ?” అన్నాడు. 

బావ వచ్చేసరికి చాలాసేపు పట్టింది. జీవితమంతా ఎవరి శవాన్నీ ఒంటరిగా వదలని మనిషి, తన భార్య దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. చేయాల్సినవన్నీ చేశాడు. దహనం చేసే కరెంటు పొయ్యి తలుపు మూసుకున్నాక ఇద్దరం గంగ మెట్ల మీద కూర్చున్నాం. నాకు ఆయన్ను నాలుగు దులపాలని ఉంది. మాటలు కూడా నోటి దాకా వచ్చాయి. పక్కన చూస్తే ముసలివాడు చలికి వణుకుతున్నాడు. నోరు మూసుకున్నాను.

ఆయనే నా వైపు తిరిగాడు.

“టుకూ, ఇల్లు మారదామని తను నన్ను అడిగింది ఒక్కసారే. రైల్లో. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్చిపోయిందనుకున్నాను. నీతో ఎప్పుడైనా అందా?”

లేదంటే ఆ ముసలి ప్రాణానికి కాస్త ఊరట దక్కేది. కాని అక్క పోయిన రోజున ఆమె మాటను నేను కూడా లేదనలేకపోయాను.

“రోజూ అనేది బావా” అన్నాను.

ఆయన తల ఊపాడు. కాసేపటికి అస్థికలు తీసుకోమని లోపల్నుంచి సామంత అని పిలిచారు, ఇద్దరం లేచి వెళ్లాం.